వినకపోతే మైల లేదు

ముప్పై రోజులపాటు ఆ ఇంట్లో తెలుగు మాట వినపడకూడదన్నది నా నియమం. పెట్టింది నేనే, పెట్టి మురిసిపోయిందీ నేనే, చివరికి అందులో ఇరుక్కుని గిలగిల్లాడిందీ నేనే.

నా పేరు అన్వర్. మాది పిడుగురాళ్ల. గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఫ్రెంచి చెబుతాను. గుంటూరులో ఫ్రెంచి ఏమిటని నవ్వకండి. మార్కులు బాగా పడతాయని దాన్ని రెండో భాషగా తీసుకునేవాళ్ళు ఏటా వందమంది ఉంటారు. వాళ్ళలో తొంభైమందికి బొంజూర్ తర్వాత రెండో మాట రాదు, పరీక్షలో మాత్రం తొంభై మార్కులొస్తాయి. బట్టీ పట్టడంలో మా పిల్లల్ని కొట్టేవాళ్ళు భూమ్మీద లేరు.

ఈ ఏడాది ఫ్రాన్సులోని ఒక యూనివర్సిటీ మా కాలేజీకి నాలుగు సీట్లు ఇస్తామంది. ఒక సెమిస్టరు అక్కడ చదువుకోవచ్చు, వసతి కూడా వాళ్ళదే. డిసెంబరు ఒకటో తారీఖు, సోమవారం, వీడియోలో ఇంటర్వ్యూ. ఎదురుగా మనిషి కూర్చుని అడుగుతుంటే బట్టీ ఎందుకూ పనికిరాదు. అందుకని ఆరుగురు పిల్లల్ని ఎంచి, చిలకలూరిపేట రోడ్డులో మూతబడిన పత్తి జిన్నింగు మిల్లు గెస్ట్‌హౌసులో నెలరోజులు ఉంచాను. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఫ్రెంచే. కూర అడగాలన్నా ఫ్రెంచే, కడుపునొప్పి వచ్చినా ఫ్రెంచే. నన్ను సార్ అనకూడదు, మొస్యూ అనాలి. ఫోన్లు ట్రంకుపెట్టెలో, దాని తాళంచెవి నా జేబులో. పై అంతస్తులో ఆడపిల్లలకు తోడుగా మా ఆవిడ ఆయేషా ఉండేది. ఆమెకు వచ్చిన ఫ్రెంచి పది ముక్కలు. మేమిద్దరం పోట్లాడుకోవాలంటే గేటు బయటికి వెళ్ళాల్సిందే.

ఎవరి నోటివెంట తెలుగు జారితే వాళ్ళ మెడలో దారానికి కట్టిన ఎండుమిరపకాయ పడేది. ఇంకొకరు జారేదాకా అది తీయకూడదు. వినుకొండ నుంచి వచ్చిన నజీర్ మెడలోనే అది ఎక్కువ కాలం వేలాడింది. వాళ్ళ నాన్నది మిరప సేద్యం. "మొస్యూ, ఇది తాలు కాయ. మా ఇంటి పరువు పోతోంది, మంచి తేజ కాయ కట్టండి" అని ఫ్రెంచిలో బతిమాలేవాడు.

ఇంకో పద్ధతి కూడా పెట్టాను. దానికి పిల్లలు 'సీను' అని పేరు పెట్టారు. చెప్పాపెట్టకుండా ఎవరో ఒకరి దగ్గరికెళ్ళి "నీ పాస్‌పోర్టు పోయింది" అనో, "మీ గదిలో పొగ వస్తోంది" అనో కంగారుగా ఫ్రెంచిలో చెప్పేవాణ్ణి. వాళ్ళు అది నిజమన్నట్టే కంగారుపడి, అడగాల్సినవి అడిగి, చేయాల్సింది చెప్పాలి. చుట్టూ పత్తిచేలు. పత్తి తీసే ఆడవాళ్ళు కంచె అవతలినుంచి మమ్మల్ని చూసి, "పాపం, మూగపిల్లల బడి కామోసు" అని జాలిపడేవాళ్ళు.

భానుశ్రీది చీరాల. నేతపని ఇల్లు. వాళ్ళ నాన్న మార్కండేయులు ఆమెను దించడానికి వచ్చినప్పుడు నల్లబట్టల్లో ఉన్నాడు. మెడలో అయ్యప్ప మాల, కాళ్ళకు చెప్పుల్లేవు. మాలలో ఉన్నవాళ్ళను పేరు పెట్టి పిలవకూడదు కనక నేనూ "రండి స్వామీ" అన్నాను. ఆయన నా నియమాలన్నీ నిలబడే విన్నాడు. ఆలోచించేటప్పుడు మాల పట్టుకుని పూసలు తిప్పడం ఆయనకు అలవాటులా ఉంది.

"తెల్లారకముందే లేవాలి. ఫోను ముట్టకూడదు. ఇంటి ధ్యాస ఉండకూడదు. నోటెంట వేరే మాట రాకూడదు" అని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "ఇది దీక్షే కదండీ మాస్టారూ!"

నాకు ముచ్చటేసింది. నా పద్ధతి మా ప్రిన్సిపాలుకే అర్థం కాలేదు, ఈయనకు ఒక్క నిమిషంలో అర్థమైంది.

"అంతేనండి స్వామీ. మధ్యలో భంగమైతే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలీదు. వినడానికి బాగుంటుందనిపించి అనేశాను. పంతుళ్ళ నోటికి అదుపుండదు.

ఆయన నవ్వలేదు. కూతురివైపు తిరిగి, "విన్నావుగా తల్లీ. పదకొండేళ్ళనుంచి మాల వేస్తున్నాను, ఒక్కసారి కూడా భంగం రాలేదు. నువ్వూ అట్టాగే నిలబడాలి" అన్నాడు. ఆ పిల్ల తల ఊపింది.

ఇంటర్వ్యూ కోసం ప్రతివాళ్ళూ తమ ఇంట్లో ఒక మనిషి గురించి ఐదు నిమిషాలు మాట్లాడటం నేర్చుకోవాలి. భానుశ్రీ వాళ్ళ నాయనమ్మ చెంచమ్మను ఎంచుకుంది. మొదట్లో మూడు వాక్యాలకే చెమటలు పట్టేవి. పదిహేనో రోజుకు మాట సాగింది. నాయనమ్మ రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టడం, ఆ చప్పుడు వింటూ తను నిద్రపోవడం, తెగిన పోగును ఆవిడ చూడకుండానే ముడేయడం, అన్నీ చెప్పేది. ఆరుగురిలో సీటు ఖాయమని నేను నమ్మింది ఆ పిల్లకే.

పంతొమ్మిదో రోజు, గురువారం. పొద్దున్నే రోడ్డుమీద బంకు దగ్గర టీ తాగుతుంటే మార్కండేయులు ఫోను చేశాడు.

"నమస్తే స్వామీ" అన్నాను.

"ఇక స్వామి అనకండి మాస్టారూ. మాల తీసేశాను."

ఇంట్లో చావు జరిగితే మాల తీసేయాలి. అది నాకూ తెలుసు. టీ గ్లాసు పక్కన పెట్టాను.

"మా అమ్మండి. తెల్లవారుజామున లేచి రాట్నం ముందు కూర్చుంది. సగం కండె చుట్టింది. అంతే, పక్కకు ఒరిగిపోయింది."

"అయ్యో! భానుని ఇప్పుడే బయల్దేరదీస్తానండి. రెండు రెండున్నర గంటల్లో అక్కడుంటాం."

"వద్దండి!" ఆ అరుపుకు నా చెవి గింగురుమంది. తర్వాత గొంతు తగ్గించాడు. "వినకపోతే మైల లేదు మాస్టారూ. దూరాన ఉన్నోళ్ళకి కబురు విన్నరోజు నుంచే మైల. మా పెద్దోళ్ళు చెప్పిందే. ఒకటో తారీఖు పరీక్ష అయ్యేదాకా దానికి తెలియనియ్యకండి. నాది ఎట్టాగూ పోయింది. దాని దీక్షన్నా నిలవనీయండి."

"అలాగేనండి" అన్నాను. నిజం చెప్పాలి, ఆ క్షణాన నాకు కొంచెం తేలికనిపించింది. నా క్యాంపు చెడదు, నా మంచి విద్యార్థి చెదరదు అనుకున్నాను. ఆ తేలికదనం ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

సాయంత్రం ఆ పిల్ల ఎదురుగా నిలబడి నాయనమ్మ గురించి ఐదు నిమిషాలు చెప్పింది. నేను పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను. మర్నాడూ చెప్పింది. ఆ మర్నాడూ చెప్పింది. రోజురోజుకీ బాగా చెబుతోంది. చేత్తో రాట్నం తిప్పి చూపిస్తోంది. మిగతా పిల్లలు చప్పట్లు కొడుతుంటే నేను పుస్తకంలోంచి తల ఎత్తేవాణ్ణి కాదు.

ఇరవైమూడో రోజున నా దగ్గరికొచ్చి, "మొస్యూ, ఇంటర్వ్యూలో నాయనమ్మ ఫొటో చూపిస్తే బాగుంటుంది. ఐదు నిమిషాలు నా ఫోనివ్వండి" అని ఫ్రెంచిలో అడిగింది. ఆ ఫోను తెరిస్తే ఏముంటుందో నాకు తెలుసు. బంధువుల సంతాపాలు, బజారులో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఫొటోలు. ఆ కంగారులో, "నియమం నియమమే! ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరిచేశాను. ఆ పిల్ల మొహం మాడిపోయింది. తప్పు తనదే అన్నట్టు క్షమాపణ చెప్పుకుంది, అదీ తప్పులేని ఫ్రెంచిలో.

ఆ సాయంత్రమే ఒక సీను. నజీర్ తేలు కుట్టినవాడిలా నేలమీద పొర్లుతున్నాడు, భానుశ్రీ అంబులెన్సుకు ఫోను చేయాలి. వాడు పొర్లీ పొర్లీ వెళ్ళి మంచినీళ్ళ బిందె మీద పడ్డాడు. భానుశ్రీ కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వాపుకుని, "మొస్యూ, వచ్చే సోమవారం ఇంటర్వ్యూ కాగానే మొదటి ఫోను నాయనమ్మకే చేస్తాను. వీడి సంగతి చెప్పాలి" అంది.

ఆయేషా నా చెయ్యి పట్టుకుని గేటు బయటికి లాక్కెళ్ళింది.

"మీకు చేసిందే మీరు ఆ పిల్లకు చేస్తున్నారు" అంది తెలుగులో.

"వాళ్ళ నాన్న చెప్పవద్దన్నాడు."

"మీ అన్నయ్య కూడా అంతే అనుకున్నాడుగా."

ఆవిడ అన్నది నిజం. పదిహేనేళ్ళ కిందట నేను కూడా ఇలాగే ఒక సెమిస్టరు చదవడానికి ఫ్రాన్సులోని లియాన్ వెళ్ళాను. మా నాన్న సున్నపుబట్టీలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. ఆయన పోయిన పదిరోజులకు, నా పరీక్షలయ్యాక, అన్నయ్య రసూల్ ఫోను చేసి చెప్పాడు. ఆ పదిరోజుల్లో నేను జీవితంలో మొదటిసారి మంచు చూశాను. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఫొటో దిగాను. తర్వాత తారీఖు చూసుకుంటే అది మా నాన్నను మట్టిచేసిన మర్నాడు. ఆ ఫొటో బీరువాలో ఎక్కడుందో నాకు తెలుసు. ఇప్పటికీ తీసి చూడలేదు. రసూల్‌ను క్షమించానని అందరికీ చెబుతాను, లోపల క్షమించలేదు.

భానుశ్రీ ఇప్పుడు బిందె మీద పడ్డ నజీర్‌ను చూసి నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఏమైపోతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నాలుగు రోజులు నాన్చాను. చెబితే ఆ పిల్ల గొంతు పడిపోతుందేమో, సీటు పోతుందేమో. చెప్పకపోతే? రాత్రి పడుకుంటే ఇదే గోల, పొద్దున్న లేస్తే ఇదే గోల. శుక్రవారం ఉండబట్టలేక మార్కండేయులుకు ఫోను చేశాను.

"చెప్పేద్దామండీ. ఆదివారం పదకొండో రోజు కదా, కనీసం దానికైనా ఆ పిల్ల అక్కడుండాలి."

"ఇంక మూడు రోజులేగా మాస్టారూ! ఇప్పుడు భంగమైతే ఎట్టా? మళ్ళీ మొదటికొస్తుందని మీరేగా అన్నారు."

"అది ఊరికే అన్న మాటండీ."

"దీక్షలో ఊరికే అనే మాటలుంటాయా అండి?" అన్నాడు.

ఆయన కోపంగా కూడా అనలేదు. నిజంగానే అడిగాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను గొప్పకు విసిరిన మాటను ఆ మనిషి ఎనిమిది రోజులుగా మోస్తున్నాడు. తల్లి పోయిన ఇంట్లో కూతురు లేకుండా, అడిగినవాళ్ళందరికీ "దానికి పరీక్షండి" అని చెప్పుకుంటూ.

శనివారం పొద్దున మిగతావాళ్ళు టిఫిన్లు తింటుంటే భానుశ్రీని పిలిచాను. గేటు బయటికి తీసుకెళ్ళి తెలుగులో చెప్పాలని నా ఉద్దేశం. ఇద్దరం నడుస్తున్నాం. పత్తి బేళ్ళు తూచే పాత కాటా దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. గేటు దాటితే తెలుగులో చెప్పాలి. నాకు ధైర్యం చాలలేదు. గేటుకు ఇవతలే నిలబడి, ఫ్రెంచిలో, "మీ నాన్న ఫోను చేశారు. మీ నాయనమ్మ చనిపోయింది" అన్నాను.

భానుశ్రీ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత నిటారుగా నిలబడింది. చెయ్యి గుండెమీద పెట్టుకుంది.

"అయ్యో దేవుడా! ఎప్పుడు జరిగింది మొస్యూ?" అని ఫ్రెంచిలో అడిగింది. "జబ్బుగా ఉందా? బాధపడిందా? నేను వెంటనే ఇంటికి వెళ్ళాలి. నాకు టిక్కెట్టు దొరుకుతుందా? పరీక్ష తేదీ మార్చమని ఎవరికి రాయాలి?"

ఒక్క తప్పు లేదు. నేను నేర్పిన వరసలో, నేను నేర్పిన మాటలే. కళ్ళు తుడుచుకున్నట్టు కూడా చేసింది. చేసి, పెదవుల చివర నవ్వు దాచుకుంటూ నావైపు చూసింది.

"ఎలా ఉంది మొస్యూ? ఈసారి తడబడలేదు కదా?"

ఆ పిల్ల సీననుకుంది. ఎందుకనుకోదు? ఇరవయ్యెనిమిది రోజులుగా ఇలాగే కదా నేను ఒక్కొక్క కష్టాన్నీ మొహంమీద విసిరింది!

"భానూ," అన్నాను తెలుగులో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇది సీను కాదమ్మా. మీ నాయనమ్మ నిజంగానే పోయింది. తొమ్మిది రోజులైంది."

"ఆఁ, తెలుగు! మొస్యూ, తెలుగు మాట్లాడారు!" అంది. ఆ ముందురోజే మిరపకాయ ఆమె మెడలో పడింది. దాన్ని తీసి నాకు వేయాలని చెయ్యి మెడమీదికి వెళ్ళింది. వెళ్ళి, దారం పట్టుకుని, అక్కడే ఆగిపోయింది.

నేను అన్నీ చెప్పాను. రాట్నం, సగం చుట్టిన కండె, వాళ్ళ నాన్న మాల తీయడం, నేను తొమ్మిది రోజులు నోరు మూసుకోవడం. ఆ పిల్ల నిలబడే వింది. ఏడవలేదు. చివరికి ఇలా అడిగింది.

"మొన్న సోమవారం నేను ఫోనడిగినప్పుడు మీకు తెలుసా సార్?"

మొస్యూ పోయి సార్ వచ్చింది.

"తెలుసమ్మా."

"నజీర్ బిందె మీద పడ్డప్పుడు?"

"తెలుసు."

ఆ పిల్ల మిరపకాయ దారం తీసి, నా చేతిలో పెట్టి, బ్యాగు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది. నేను దాన్ని మెడలో వేసుకున్నాను. నియమం ప్రకారం అది నాదే.

మిగతా పిల్లల్ని ఆయేషాకు అప్పగించి బయల్దేరి, మధ్యాహ్నానికి చీరాల చేరాం. దారిలో ఆమె ఏ భాషలోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో అడుగుపెట్టి, గోడవారగా ఉన్న రాట్నాన్ని, దానికింకా ఉన్న సగం కండెను చూసి కూలబడింది. ఆ ఏడుపుకు వీధిలో మగ్గాలు ఆగాయి. మార్కండేయులు గుండు చేయించుకుని తెల్లపంచెలో ఉన్నాడు. కూతురి దగ్గరికి వెళ్ళలేదు. ముందు నా దగ్గరికొచ్చి, "దానిదీ పోయిందన్నమాట" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆదివారం కర్మ అయింది. సోమవారం పొద్దున తండ్రీకూతుళ్ళిద్దరూ నాతో గుంటూరు వచ్చారు. వెళ్ళమని ఆమెను నేను అడగలేదు, వాళ్ళ నాన్నా అడగలేదు. తనే బయల్దేరింది. కాలేజీలో ఆమె వంతు పదకొండు గంటలకు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. బయట బెంచీమీద నేనూ మార్కండేయులూ కూర్చున్నాం. ఆ పిల్ల మధ్యలో ఆగిపోతే ఆ ఉసురు నాకు తగలదా అనుకున్నాను, ఆగిపోకపోతే ఏమిటన్నది నాకు తట్టలేదు.

ఇరవై నిమిషాలకు బయటికొచ్చింది. మొహంలో రక్తం లేదు.

"ఎలా చేశావమ్మా?" అని మార్కండేయులు లేచి నిలబడ్డాడు.

"బాగా చేశాను నాన్నా. నాయనమ్మ గురించే చెప్పాను. ఐదు నిమిషాలూ చెప్పాను. చేత్తో రాట్నం తిప్పి చూపించాను. అడిగేవాళ్ళు ముగ్గురూ చప్పట్లు కొట్టారు." నావైపు తిరిగింది. "ఎక్కడా గొంతు వణకలేదు సార్. నవ్వుతూ చెప్పేశాను. ఇంట్లో రెండు రోజులు ఆ మనిషి పేరెత్తలేకపోయాను, అక్కడ ఫ్రెంచిలో గడగడా చెప్పేశాను. అదే నాకు భయంగా ఉంది."

సీటు ఆమెకు వచ్చింది. శుక్రవారం పంపిన జాబితాలో రెండో పేరు. అది తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం ఆ వరండాలో సీటు మాట ఎవరికీ గుర్తులేదు.

"నాన్నా, సీటొస్తే నేను వెళ్తాను. కానీ ముందు నువ్వు నాకొక మాటివ్వాలి" అంది. "ఇంట్లో ఏం జరిగినా ఆ రోజే నాకు చెప్పాలి. నేను పరీక్షలో ఉన్నా సరే, ఎక్కడున్నా సరే. నువ్వే చెప్పాలి, మన మాటల్లోనే చెప్పాలి. నాకు మైల కావాలి నాన్నా. మైల లేకుండా నవ్వుకుంటూ తిరగడం నావల్ల కాదు."

మార్కండేయులు ఆలోచిస్తూ అలవాటుగా మెడమీదికి చెయ్యి తీసుకెళ్ళాడు. అక్కడ మాల లేదు. వేళ్ళు కాసేపు ఉత్త మెడమీదే తడుముకున్నాయి. ఆ చెయ్యి దించి, కూతురి నెత్తిమీద పెట్టాడు.

"చెప్తాను తల్లీ" అన్నాడు.

నేను నా మెడలోని మిరపకాయ దారం తీసి జేబులో పెట్టుకున్నాను. బస్టాండు దాకా ముగ్గురం నడిచే వెళ్ళాం. దారి పొడుగునా తండ్రి ఆ తొమ్మిది రోజుల సంగతులు ఒక్కొక్కటే చెబుతున్నాడు, ఎవరెవరు వచ్చారు, ఏమన్నారు, పాడె ఎవరు మోశారు. ఆ పిల్ల ప్రతిదీ రెండేసిసార్లు అడిగి చెప్పించుకుంటోంది.